ఎయిర్ డక్టుల లీకేజీ – నివారణ

భవనంలో ఒకచోట చల్లబరిచిన లేదా వెచ్చబరిచిన గాలిని గదులకు చేరవేసి, గదుల్లోని గాలిని తిరిగి యంత్రం దగ్గరికి తెచ్చే మార్గాలను ఎయిర్ డక్టులు అంటారు. వాయునాళాలు అన్న మాట పుస్తకాల్లో ఉన్నా, పని జరిగే చోట అందరూ డక్టులనే అంటారు. వీటి అతుకుల్లో, మూలల్లో, కొమ్మలు చీలే చోట్ల మిగిలిపోయిన సందుల గుండా లోపలి గాలి బయటికి పోవడం, బయటి గాలి లోపలికి చొరబడడం డక్టు లీకేజీ. ఆ సందులను మాస్టిక్, టేపు, గాస్కెట్, ఏరోసోల్ వంటి వాటితో మూసి, ఎంతవరకు మూసుకున్నాయో పరీక్షించే పని డక్టు సీలింగ్.

నీళ్ల గొట్టం కారితే గోడ తడుస్తుంది. డక్టు కారితే కరెంటు బిల్లులోను, వరుసలో చివర ఉన్న గది ఉక్కపోతలోను తప్ప ఆ సంగతి బయటపడదు. అందుకే ఈ పనిలో మూయడానికి ఎంత ప్రాధాన్యం ఉందో, కొలవడానికీ అంతే ఉంది.

డక్టు వ్యవస్థ స్వరూపం

కేంద్రీకృత ఎయిర్ కండిషనింగ్‌లో గాలిని నడిపించేది ఏహెచ్‌యూ, అంటే ఫ్యాను, ఫిల్టరు, చల్లని కాయిలు ఉన్న పెట్టె. దాని నుంచి బయలుదేరే సప్లై డక్టులో గాలి ఒత్తిడి చుట్టుపక్కల కంటే ఎక్కువ. తిరిగి వచ్చే రిటర్న్ డక్టులో తక్కువ. ఈ తేడా వల్లే లీకేజీ రెండు రకాలైంది: సప్లై వైపు సందు గాలిని బయటికి వదులుతుంది, రిటర్న్ వైపు సందు బయటి గాలిని పీల్చుకుంటుంది.

భారతీయ కార్యాలయాలు, ఆసుపత్రులు, మాల్స్‌లో డక్టులను ఎక్కువగా జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకుతో దీర్ఘచతురస్రాకారంలో చేస్తారు. ముక్కలను ఫ్లాంజ్‌లతో కలిపి బోల్టులు బిగిస్తారు. ఫ్యాను అదురు డక్టుకు పాకకుండా మధ్యలో కాన్వాస్ కనెక్షన్ పెడతారు. చివర కాలర్, దాని కింద డిఫ్యూజర్ లేదా గ్రిల్ ఉంటాయి. అమెరికా ఇళ్లలో రేకు డక్టులతో పాటు తీగచుట్టపై ప్లాస్టిక్ పొర, ఇన్సులేషన్ తొడిగిన ఫ్లెక్సిబుల్ డక్టులూ విరివిగా కనిపిస్తాయి. అక్కడ చాలా ఇళ్లలో డక్టులు పైకప్పు కింది అటకలోనో, నేల కింది ఖాళీలోనో ఉంటాయి. టెక్సస్ వేసవిలో ఆ అటక వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డల్లాస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి మేడమీది పడకగది సాయంత్రానికి కుంపటిలా మారడానికి ఒక కారణం ఆ అటకలోని డక్టు అతుకుల్లో ఉండవచ్చు.

గాలి ఎక్కడ పోతుంది

రేకు మధ్యలో చిల్లులు పడడం అరుదు. గాలి పోయేది ఎక్కువగా కలిపిన చోటే: రెండు ముక్కలు కలిసే అడ్డ అతుకు, రేకు మడిచి పొడుగునా వేసిన కుట్టు, పెద్ద డక్టు నుంచి కొమ్మ చీలే చోటు, కాలర్ చుట్టూరా, గాలిని అదుపుచేసే డాంపర్ కడ్డీ దూరే రంధ్రం, ఫ్లాంజ్ నాలుగు మూలలు, ఏహెచ్‌యూ తలుపు అంచు, స్క్రూ రంధ్రాలు. ఫ్లెక్సిబుల్ డక్టును కాలర్‌కు తొడిగి సరిగా బిగించకపోతే కొన్నాళ్లకు అది పూర్తిగా ఊడి వేలాడుతుంది. అప్పుడు ఒక గదికి చేరాల్సిన గాలి మొత్తం అటకకే పోతుంది. పాత అమెరికన్ ఇళ్లలో గోడల మధ్య, దూలాల మధ్య ఉన్న ఖాళీనే రిటర్న్ డక్టుగా వాడుకునేవారు. ఆ ఖాళీలకు చెక్క సందులన్నీ లీకులే.

ఒక సందు గుండా ఎంత గాలి పోతుందన్నది దాని వైశాల్యంతో పాటు ఒత్తిడి మీద ఆధారపడుతుంది. ఫ్యాను పక్కనే ఉన్న ప్లీనం అనే పెట్టెలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడి చిన్న సందు, చివరి గ్రిల్ దగ్గరి పెద్ద సందు కంటే ఎక్కువ గాలిని వదలవచ్చు. డక్టు ఏ చోటు గుండా సాగుతోందన్నది మరో లెక్క. అదే గదిలో బయటికి కనిపించేలా వేలాడే డక్టు లీకైతే ఆ చల్లదనం గదిలోనే ఉంటుంది. అటకలోనో, డాబా మీదనో, బయటి షాఫ్ట్‌లోనో లీకైతే అది తిరిగి రాదు.

శక్తి నష్టం లెక్క

సాధారణ అమెరికన్ ఇంట్లో డక్టుల గుండా నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం లీకులు, రంధ్రాలు, సరిగా కలవని అతుకుల వల్ల పోతుందని అక్కడి ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతుంది. పెద్ద వాణిజ్య భవనాల్లో ఈ నిష్పత్తి భవనానికీ భవనానికీ చాలా మారుతుంది.

స్థూలమైన లెక్క ఒకటి చూద్దాం. ఒక టన్ను ఏసీ సామర్థ్యానికి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి అన్నది ఈ రంగంలో వాడుక అంచనా. 10 టన్నుల ఏహెచ్‌యూ నిమిషానికి 4,000 ఘనపుటడుగులు నడిపిస్తుంది. అందులో 15 శాతం లీకైతే 600 ఘనపుటడుగులు, అంటే టన్నున్నర చల్లదనం గదికి చేరకముందే పోయింది. కొన్నది 10 టన్నుల యంత్రం, అందేది ఎనిమిదిన్నర టన్నులు.

ఫ్యాను సంగతి ఇంకా కఠినం. గాలి ప్రవాహం పెరిగే కొద్దీ ఫ్యానుకు కావలసిన శక్తి ఆ ప్రవాహపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. 10 శాతం ఎక్కువ గాలి నడపాలంటే 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. 15 శాతం లీకేజీ ఉన్నచోట గదులకు పూర్తి గాలి అందాలంటే ఫ్యాను దాదాపు 18 శాతం ఎక్కువ గాలి తోలాలి. లీకులన్నీ చివరన ఉన్నాయనుకుంటే ఘన సూత్రం ప్రకారం శక్తి 60 శాతానికి పైగా పెరుగుతుంది. నిజానికి లీకులు దారి పొడుగునా చెదిరి ఉంటాయి కాబట్టి అంత పెరగదు. కాలిఫోర్నియాలో ఒక పెద్ద కార్యాలయ భవనంలో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు కావాలనే లీకులు పెట్టి కొలిచినప్పుడు, 15 శాతం లీకేజీకి ఫ్యాను శక్తి 25 నుంచి 35 శాతం పెరిగింది.

భారతీయ కార్యాలయాల్లో తరచూ ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీనే రిటర్న్ మార్గంగా వాడతారు. అక్కడ సప్లై డక్టు లీకైతే చల్లని గాలి కిందికి దిగకుండా నేరుగా ఏహెచ్‌యూకు వెళ్లిపోతుంది. చల్లదనంలో కొంత వ్యవస్థలోనే మిగిలినా, దాన్ని ఊరికే తిప్పడానికి ఫ్యాను కరెంటు కాలుతూనే ఉంటుంది. కింద కూర్చున్నవారికి మాత్రం చల్లదనం అందదు.

సౌకర్యం, ఆరోగ్యం, భద్రత

కాలువకు దారిలో గండ్లు పడితే ముందుగా ఎండేది చివరి ఆయకట్టు. డక్టులోనూ అంతే. ఏహెచ్‌యూకు దగ్గరి గదుల్లో చలి, దూరపు గదుల్లో ఉక్క. చివరి గదివారు థర్మోస్టాట్ తగ్గిస్తారు, మొదటి గదివారు శాలువా కప్పుకుంటారు. దీన్ని చాలామంది యంత్రం చాలకపోవడంగా భావించి పెద్ద యంత్రం బిగిస్తారు. ఒత్తిడి పెరిగి లీకు కూడా పెరుగుతుంది.

సప్లై గాలి ఇంటి బయటికి పోతే లోపల ఒత్తిడి తగ్గి, ఆ లోటు పూడ్చడానికి తలుపుల, కిటికీల సందుల గుండా వేడి, తేమగాలి వస్తుంది. రిటర్న్ డక్టు అటకలో లీకైతే అక్కడి దుమ్ము, గ్లాస్‌వూల్ నూగు, వేడి కలిసి ఫ్యాను గుండా ఇంట్లోకి వస్తాయి. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తేమ ఎక్కువైన తీరప్రాంతాల్లో మరో చిక్కు ఉంది: సందులోంచి చిమ్మే చల్లని గాలి పక్కనున్న రేకును, ఫాల్స్ సీలింగ్ బోర్డును చల్లబరుస్తుంది. వాటి మీద తేమ నీరుగా మారి బొట్లుగా కారుతుంది, ఇన్సులేషన్ నానుతుంది, కొన్నాళ్లకు బూజు పడుతుంది. ఫాల్స్ సీలింగ్ మీద పసుపుపచ్చ మరక చూసి నీళ్ల గొట్టాన్ని అనుమానించేవారు కొన్నిసార్లు డక్టు అతుకును చూడాల్సి ఉంటుంది.

గ్యాసుతో మండే ఫర్నేసు, వాటర్ హీటర్ ఇంట్లోనే ఉండే అమెరికా, కెనడా వంటి చోట్ల ఇది ప్రాణభద్రత విషయం. రిటర్న్ లీకు ఆ గదిలోని గాలిని లాగేస్తే, పొగగొట్టం గుండా పైకి పోవాల్సిన పొగ కిందికి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరవచ్చు. ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో బయటి గాలి రాకుండా లోపల ఎక్కువ ఒత్తిడి ఉంచాలి. అంటువ్యాధి రోగుల గదిలో తక్కువ ఒత్తిడి ఉంచాలి. డక్టులు కారితే ఈ రెండూ తప్పుతాయి.

పరిశోధన చరిత్ర

ఇళ్లలో డక్టు లీకేజీని పెద్ద సమస్యగా గుర్తించడం 1980ల చివరలో బలపడింది. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్‌లో పనిచేసే జేమ్స్ కమింగ్స్, ఆయనతో కలిసిన జాన్ టూలీ తదితరులు ఇళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఫ్యాను తిరిగినప్పుడు ఇంట్లోకి బయటిగాలి చొరబాటు ఎలా పెరుగుతుందో చూపించారు. 1991లో వెలువరించిన ఫలితాల్లో, డక్టులు సీలు చేశాక చల్లదనానికి వాడే కరెంటు సగటున ఇంచుమించు 18 శాతం తగ్గిందని తేల్చారు.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో 1990లలో రెండు ముఖ్యమైన పనులు జరిగాయి. ఒకటి, మార్క్ మొడేరా నాయకత్వంలో లోపలి నుంచే లీకులు మూసే ఏరోసోల్ పద్ధతి. ఇది తర్వాత ఏరోసీల్ పేరుతో మార్కెట్‌కు వచ్చింది. రెండోది, మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ చేసిన సీలింగ్ పదార్థాల మన్నిక పరీక్ష. దాని ఫలితం అమెరికాలో ఇంటింటా తెలిసిన ఒక వస్తువు పేరునే ప్రశ్నించింది.

డక్ట్ టేపు

ఆ వస్తువు డక్ట్ టేపు. బట్ట మీద రబ్బరు జిగురు పూసిన ఈ టేపు డక్టుల కోసం పుట్టలేదు. 1943లో ఇల్లినాయ్‌లోని ఆయుధ కర్మాగారంలో పనిచేసే వెస్టా స్టౌట్ అనే మహిళ, తూటాల పెట్టెల మీది కాగితపు టేపు చిరిగిపోయి పెట్టె తెరవడం సైనికులకు ఆలస్యమవుతుందని గమనించింది. ఆమె కొడుకులిద్దరు నౌకాదళంలో ఉన్నారు. గట్టి బట్ట టేపు వాడమని ఆమె అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాసింది. జాన్సన్ అండ్ జాన్సన్ దాన్ని తయారు చేసింది. యుద్ధం ముగిశాక ఇళ్ల నిర్మాణం ఊపందుకున్నప్పుడు ఆ టేపు వెండిరంగు వేసుకొని డక్టుల మీదికి వచ్చింది.

బర్క్‌లీ పరీక్షలో రకరకాల టేపులు, మాస్టిక్, ఏరోసోల్ వాడి అతుకులు వేసి, వాటికి వేడి గాలిని, చల్లని గాలిని మార్చి మార్చి తగిలించారు. 1998లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మిగతా రకాలు నిలబడ్డాయి. బట్ట టేపు మాత్రం జిగురు ఎండి, ముడుచుకొని, ఊడిపోయింది. తర్వాత కాలిఫోర్నియా భవన శక్తి నియమావళి మాస్టిక్, బిగింపు పట్టీలు తోడు లేకుండా ఈ టేపును డక్టులకు వాడడాన్ని నిషేధించింది.

సీలు చేసే పద్ధతులు

ఎక్కువగా వాడేది మాస్టిక్. చిక్కని పేస్టులా ఉండి, ఎండాక కూడా రబ్బరులా సాగుతుంది. అతుకు చుట్టూ దుమ్ము, నూనె తుడిచి, బ్రష్‌తోనో చేతొడుగుతోనో నాణెం మందాన రాస్తారు. ఆరు మిల్లీమీటర్లు మించిన సందుకు ముందు ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు అతికి, దాని మీద రాయాలి. మాస్టిక్ అతుకును మూస్తుందే గాని మోయదు. కాబట్టి ముందు స్క్రూలు, బోల్టులు, పట్టీలతో డక్టును గట్టిగా బిగించాలి.

ఫ్లాంజ్ అతుకులకు రబ్బరు గాస్కెట్, మూలలకు సిలికాన్ సీలెంట్ వాడతారు. అల్యూమినియం ఫాయిల్ టేపు, బ్యూటైల్ టేపు శుభ్రమైన నున్నటి రేకు మీద బాగా పట్టుకుంటాయి. అమెరికాలో గ్లాస్‌వూల్ బోర్డు డక్టులకు యూఎల్ 181ఏ, ఫ్లెక్సిబుల్ డక్టులకు యూఎల్ 181బీ గుర్తు ఉన్న పదార్థాలనే వాడతారు. స్వీడన్ ఈ సమస్యను మరోవైపు నుంచి పరిష్కరించింది: అక్కడ గుండ్రని డక్టులు, ఫిట్టింగులకు ఫ్యాక్టరీలోనే రబ్బరు వలయం బిగించి వస్తాయి, సైట్లో ఒకదాంట్లో ఒకటి దూర్చితే చాలు. సీలింగ్ నాణ్యత పనివాడి ఓపిక మీద ఆధారపడదు.

గోడల్లో, స్లాబుల మధ్య చేయి దూరని పాత డక్టులకు ఏరోసోల్ పద్ధతి వాడతారు. గ్రిల్స్ అన్నిటినీ ఫోమ్‌తో మూసి, ఏహెచ్‌యూను వేరుచేసి, వినైల్ పాలిమర్ సూక్ష్మకణాలు కలిపిన గాలిని ఒత్తిడితో డక్టులోకి తోలుతారు. గాలికి బయటపడే దారి లీకు ఒక్కటే కాబట్టి అటే పరుగెడుతుంది. సందు దగ్గర గాలి మలుపు తిరిగినప్పుడు బరువైన కణాలు దానితో తిరగలేక అంచుకు తగిలి అతుక్కుంటాయి. ఒకదాని మీద ఒకటి పేరుకొని సందు పూడుకుంటుంది. దాదాపు 16 మిల్లీమీటర్ల వరకు సందులు ఇలా మూసుకుంటాయి. లీకేజీ తగ్గుతున్న తీరు కంప్యూటర్ తెర మీద ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. ఊడిపోయిన డక్టును, పెద్ద చీలికను మాత్రం చేత్తోనే సరిచేయాలి.

కొలిచే విధానం

సైట్లో తేలికైనది లైట్ టెస్ట్: చీకట్లో డక్టు లోపల బల్బు పెట్టి లాగుతూ, అతుకుల్లోంచి వెలుగు వస్తుందేమో బయట చూస్తారు. స్మోక్ టెస్ట్‌లో పొగ ఎక్కడ బయటపడుతుందో గమనిస్తారు. ఇవి లీకు ఉన్న చోటు చెబుతాయి గాని పరిమాణం చెప్పవు. పాత డక్టుల మీది గ్లాస్‌వూల్ విప్పినప్పుడు నల్లని చారలు కనిపిస్తే అదీ ఒక ఆనవాలే: గాలి పోతూ తన దుమ్మును అక్కడ వడగట్టుకుంది.

పరిమాణానికి ఒత్తిడి పరీక్ష కావాలి. గ్రిల్స్ మూసి, ప్రవాహం కొలిచే ఫ్యానుతో డక్టులో నిర్ణీత ఒత్తిడి తెస్తారు. ఆ ఒత్తిడి నిలబెట్టడానికి ఎంత గాలి తోలాల్సి వచ్చిందో అంత గాలి లీకవుతున్నట్టు. ఇళ్లకు ఈ ఒత్తిడి 25 పాస్కల్, అంటే రెండున్నర మిల్లీమీటర్ల నీటిమట్టం ఒత్తిడి మాత్రమే. వాణిజ్య భవనాల్లో వందల పాస్కల్ ఉంటుంది.

ప్రమాణాలు, నియమాలు

ఐరోపాలో డక్టు బిగుతును ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజించారు. ఒక్కో మెట్టు ఎక్కితే అనుమతించే లీకు మూడో వంతుకు తగ్గుతుంది. 400 పాస్కల్ వద్ద చదరపు మీటరు డక్టు ఉపరితలానికి ఏ తరగతిలో సెకనుకు సుమారు 1.3 లీటర్ల లీకు అనుమతిస్తే, సీ తరగతిలో అది 0.15 లీటరే. బ్రిటన్‌కు చెందిన డీడబ్ల్యూ/144 నిర్దేశం, డీడబ్ల్యూ/143 పరీక్షా విధానం గల్ఫ్ దేశాల్లోనూ వాడుకలో ఉన్నాయి.

అమెరికాలో స్మాక్నా సంస్థ లీకేజీ పరీక్ష కరదీపికను 1985లో ప్రచురించింది. ఆష్రే 90.1 ప్రమాణం అధిక ఒత్తిడి డక్టుల వైశాల్యంలో కనీసం 25 శాతాన్ని పరీక్షించమంటుంది. ఇళ్లకు సంబంధించిన 2012 అంతర్జాతీయ శక్తి పొదుపు కోడ్, 25 పాస్కల్ వద్ద ప్రతి 100 చదరపుటడుగుల ఇంటి వైశాల్యానికి లీకు నిమిషానికి 4 ఘనపుటడుగులు మించకూడదని పెట్టింది. 2,000 చదరపుటడుగుల ఇంటికి ఇది 80 ఘనపుటడుగులు.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

భారతీయ ఇళ్లలో ఎక్కువగా ఉండేవి స్ప్లిట్, విండో ఏసీలు. వాటికి డక్టులు ఉండవు. కాబట్టి ఇక్కడ ఈ సమస్య ప్రధానంగా ఐటీ కార్యాలయాలు, ఆసుపత్రులు, మల్టీప్లెక్సులు, విమానాశ్రయాలు, హోటళ్లది. డక్టుల తయారీకి భారతీయ ప్రమాణం ఐఎస్ 655. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ఎనిమిదో భాగంలో ఎయిర్ కండిషనింగ్ అంశాలున్నాయి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో వాణిజ్య భవనాల కోసం ఈసీబీసీ నియమావళిని తెచ్చి, 2017లో సవరించింది. 100 కిలోవాట్లు లేదా అంతకు మించిన కనెక్టెడ్ లోడ్ ఉన్న వాణిజ్య భవనాలు 2017 నియమావళి పరిధిలోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈసీబీసీని రాష్ట్రానికి అనువుగా మలచి ఉత్తర్వులు ఇచ్చింది. ఆ కసరత్తులో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ పాలుపంచుకుంది.

పరిమితులు, జాగ్రత్తలు

డక్టు సీలింగ్ అన్నిటికీ మందు కాదు. డక్టు చాలీచాలని కొలతలో ఉంటే, లీకులు మూశాక లోపల ఒత్తిడి పెరిగి ఫ్యాను మీద భారం పడవచ్చు. కాబట్టి పని ముగిశాక ప్రతి గ్రిల్ దగ్గర గాలి కొలిచి డాంపర్లు సరిచేయాలి. గ్యాసు ఫర్నేసు, వాటర్ హీటర్ ఉన్న ఇంట్లో పొగగొట్టం సరిగా లాగుతోందో మళ్లీ చూడాలి. పాత అమెరికన్ ఇళ్లలో డక్టు అతుకుల మీద తెల్లని ఆస్బెస్టాస్ పట్టీ ఉంటే దాన్ని గీకకూడదు, ఆ పని తెలిసినవారినే పిలవాలి. డక్టు అంతా చల్లబరిచే భాగంలోనే ఉన్నచోట సీలింగ్ వల్ల పొదుపు తక్కువ.

ఇన్సులేషన్ లీకును ఆపుతుందన్నది ఒక అపోహ. గ్లాస్‌వూల్ వేడిని అడ్డుకుంటుంది గాని గాలిని ఆపలేదు. కాబట్టి వరుస ఇది: డక్టు బిగించడం, సీలు చేయడం, పరీక్షించడం, ఆ తర్వాతే ఇన్సులేషన్ చుట్టడం, చివరికి ఫాల్స్ సీలింగ్. పరీక్షకు ముందే ఇన్సులేషన్ చుట్టేస్తే అతుకు కనబడదు. ఫాల్స్ సీలింగ్ బిగిస్తే చేయి అందదు. అప్పటిదాకా ఒక డబ్బా మాస్టిక్, ఒక బ్రష్‌తో అయ్యే పని, ఆ తర్వాత బోర్డులు విప్పే పనిగా మారుతుంది.